ఎర్ర పండుగ ఇరవై ఒక్క రోజులు

అద్దంకి,
ఫిబ్రవరి 4

ఒసేయ్ నజ్మీన్,

ఫోన్లు ఒప్పుకోరని నీ ఫోన్ నా చేతిలో పెట్టి, నువ్వు గుంటూరు హాస్టల్లో చేరి నెలైంది. నేను చివరిసారి ఉత్తరం రాసింది పదో తరగతి పరీక్షలో, సైకిల్ కొనిపెట్టమని తండ్రికి. అయిదుకి నాలుగు వేశారు. నాకు తండ్రి లేడని ఆ దిద్దినాయనకి తెలియదు కాబట్టి సరిపోయింది.

అసలు సంగతి విను. రేపటి నుంచి ఎర్ర పండుగ. 'పసిడి పొలం' వాళ్ళు ఈసారి పండక్కి ఏ పంట పెట్టారో తెలుసా? మిరప. డిగ్రీ మొదటి ఏడాది నుంచి మనిద్దరం ఆ ఫోన్ గేమ్‌లో గుమ్మడికాయలు పండించాం, స్ట్రాబెర్రీలు పండించాం, పుట్టి బుద్ధెరిగాక చూడని ఊదారంగు పూలేవో పండించాం. నాలుగేళ్ళకి వాళ్ళకి మన నేల గుర్తొచ్చింది. మొత్తం ఇరవై ఒక్క రోజులు. మిరప నాలుగు గంటల్లో పండుతుంది, కోసినప్పుడల్లా కొన్ని ఎర్ర దీపాలిస్తారు. గేమ్‌లో మన సంఘంలో ఉన్న ముప్ఫై మందీ కలిసి లక్ష దీపాలు వెలిగిస్తే అందరి పొలాల్లోనూ ఒక్కో లైట్‌హౌస్ లేస్తుంది. సముద్రం లేని పొలంలో లైట్‌హౌస్ ఏం చేసుకుంటావని అడగకు. నాకు కావాలి. నీ పొలానికి కూడా నేనే నీళ్ళు పెడుతున్నాను, పక్కపక్కనే కాబట్టి రెండు వేళ్ళతో పనైపోతోంది. పండుగ ఎలా ఆడాలో నువ్వే చెప్పాలి, లెక్కల బుర్ర నీది.

ఇంట్లో నాకు కాలు నిలవడం లేదు. టైపు రెండు వారాలు నేర్చుకుని మానేశాను. మీ అబ్బా దగ్గర కుట్టు మూడు రోజులు. నాలుగో రోజు ఆయనే, 'అమ్మాయ్, మిషను మీద నీ కాలు పరుగెడుతోంది, గుడ్డ నడవడం లేదు' అన్నాడు. ఇప్పుడు పొద్దున్నే అమ్మ ముఠాతో కలిసి యలమందయ్య ఆటో ఎక్కి మిరప కోతకి పోతున్నాను. పాత చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుంటే నన్నెవరూ డిగ్రీ అనుకోరు. పదిమంది పట్టే ఆటోలో పద్దెనిమిది మందిమి. కనీసం ఆటో అయినా కదులుతోంది.

సీటు సంగతి అడుగుతావు. తెలుసు. టీచరు పోస్టుల కోచింగుకి రెండో లిస్టులో నా పేరొచ్చింది, ఇరవై ఎనిమిదిలోపు వచ్చి చేరాలి, గుర్తుంది. అమ్మతో చెప్పాను. చూద్దాం అంది.

స్తుతి


గుంటూరు,
ఫిబ్రవరి 8, ఆదివారం

స్తుతీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇక్కడ చదవడానికి బాలల మనోవికాసం తప్ప ఇంకేమీ లేదు. మా వార్డెన్ ఉత్తరాలు విప్పదు, అరచేతిలో పెట్టుకుని బరువు చూసి ఇస్తుంది. నీది చూసి 'ఎవరమ్మా ఇంత రాసింది' అంది.

పండుగ సంగతి. ఇక్కడ వారం వారం పరీక్ష పెట్టి, మార్కుల వరసలో గోడకి పేర్లు అంటిస్తారు. పోయిన వారం పరీక్షకి ఇచ్చిన చిత్తు కాగితం వెనకాల లెక్క కట్టాను, జవాబు కంటే ఇదే చక్కగా వచ్చింది. మిరప నాలుగు గంటల్లో పండుతుందన్నావు కదా. పొద్దున ఆరింటికి నాటితే పదింటికి కోత, మళ్ళీ నాటితే రెండింటికి, మళ్ళీ ఆరింటికి. మీరు పొలంలో టీ తాగేదీ, అన్నం తినేదీ, ఇల్లు చేరేదీ సరిగ్గా అప్పుడే. పడుకునే ముందు మాత్రం మిరప వేయకు, పత్తి వెయ్యి, పొద్దుటిదాకా దాని మానాన అది ఉంటుంది. ఇలాంటి పండుగల్లో ఆదివారం పదింటి నుంచి పన్నెండు వరకూ దీపాలు రెండింతలిస్తారు. దాచిన ఎరువంతా అప్పుడే వాడాలి, మామూలు రోజుల్లో చెంచాడు కూడా ముట్టుకోవద్దు. మనవాళ్ళలో కోళ్ళకి గింజలు చల్లే తేలిక పనులు ముందే ఎత్తుకుపోయి, కోత వేరేవాళ్ళకి వదిలేసేవాళ్ళున్నారు. పేర్లు చెప్పను. పోయిన పండుగ వాళ్ళ మూలంగానే పోయింది.

నా పక్క మంచం ఖాళీగా ఉంది. ఎవరినీ వేయకుండా దాని మీద నా పుస్తకాలన్నీ పరిచి పెట్టాను. గదిలో మిగతా ఇద్దరూ పొన్నూరు అక్కచెల్లెళ్ళు, వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుంటారు. నేను రోజుకి పది మాటలు మాట్లాడుతున్నానేమో, అందులో ఏడు సాంబారు గురించే.

పండుగ ఇరవై అయిదుకి అయిపోతుంది. ఇరవై ఆరున పెట్టె సర్దు, ఇరవై ఏడున బస్సెక్కు. అప్పటిదాకా ఎంతైనా ఆడుకో, నేనేమీ అనను. మీ అమ్మకి, అదే మా కొండమ్మ పిన్నికి సలాం చెప్పు.

నజ్మీన్


అద్దంకి,
ఫిబ్రవరి 12

నజ్జూ,

ముందే చెబుతున్నాను, తిట్టకు.

అయిదో తారీకు పొద్దున్నే ముప్ఫై మందిమీ మిరప నాటాం. పదింటికి కోశాం. దీపాలొచ్చాయి. కోశాక చెట్టు పచ్చగా అలాగే నిలబడి ఉంది, కొసల్లో తెల్లపూత కూడా కనిపిస్తోంది. దాన్ని చూసి మేమేమనుకుంటాం? మొదటి కోత అయింది, రెండో కోత వస్తుంది అనుకున్నాం. నీళ్ళు పెట్టాం. ఆగాం. సాయంత్రానికి రాలేదు. మర్నాటికీ రాలేదు. నేలను బట్టి ఆలస్యమవుతుందిలే అన్నారొకరు. పూత నిలిచింది కాబట్టి కాయ దిగుతుంది అన్నారింకొకరు. అమ్మకి చూపిస్తే, కళ్ళు చికిలించి చూసి, 'చెట్టు నిక్షేపంగా ఉంది, ఉండనివ్వండి' అంది. నాలుగు రోజులు, నజ్మీన్. ముప్ఫై పొలాలు. నాలుగు రోజులు బొమ్మ చెట్లకి నీళ్ళు పోస్తూ కూర్చున్నాం. ఆదివారం రెండింతల గంటలు కూడా అలాగే గడిచిపోయాయి.

చివరికి బయటపెట్టింది మన సంఘంలోనే ఉన్న ఆటో యలమందయ్య. ఆయన సంగతి నీకు తెలుసుగా, కనిపించిన ప్రతిదాన్నీ వేలితో పొడుస్తాడు. గొడ్డలి బొమ్మ మీద పొడిచాడు, చెట్లన్నీ పోయాయి, ఏడుపు మొహం పెట్టుకుని కొత్తవి నాటాడు, నాలుగు గంటలకి దీపాలొచ్చాయి. ఈ గేమ్‌లో మిరపకి ఒకటే కోత. పీకి మళ్ళీ నాటాలి. అదంతా మొదటి రోజే సన్నక్షరాల ఇంగ్లీషులో రాసి ఉంది. ఎవరు చదువుతారు? అద్దంకి వాళ్ళకి మిరప గురించి ఎవడో రాసింది చదవడమా?

లక్ష దీపాలకి ఆరువేలు కూడా దాటలేదు. సిగ్గుతో కొందరు సంఘం వదిలేసి పోయారు. నాకు మాత్రం పట్టుదల పెరిగింది. ఈ గేమ్‌లో నల్ల తామర పురుగు లేదు, వాన లేదు, కూలీలు రాకపోవడం లేదు. ఇంత సుఖమైన మిరప కూడా పండించలేకపోతే ఇంకెందుకు?

సీటు విషయం. అమ్మ ఒప్పుకోవడం లేదు. కోతలకి మనుషులు దొరకడం లేదు, ఇప్పుడెలా పంపుతాను అంటోంది. నేను గట్టిగా అడగలేకపోతున్నాను.

స్తుతి


గుంటూరు,
ఫిబ్రవరి 16

స్తుతీ,

మెస్‌లో చదివి నవ్వితే మజ్జిగ ముక్కులోకి పోయింది. పొన్నూరు అక్కచెల్లెళ్ళు మొదటిసారి నాతో మాట్లాడారు. ఏమైందండీ అన్నారు. ఏం చెప్పను? మా ఊరివాళ్ళు ఫోన్‌లో మిరపచెట్టుకి రెండో కోత కోసం నాలుగు రోజులు కాపలా కాశారని చెప్పాను. వాళ్ళు నవ్వలేదు. 'రాలేదా?' అన్నారు. వాళ్ళదీ మిరపేనట.

నేనుంటే ఇలా జరిగేది కాదు. టైలరు కూతుర్ని, మిరపకి రెండో కోత ఉంటుందని నాకేం తెలుసు? మొదటి రోజే పీకేసేదాన్ని.

సరే, ఇంకా తొమ్మిది రోజులుంది. పోయినవాళ్ళ స్థానాల్లో కొత్తవాళ్ళని చేర్చు. ఫోన్‌లో తెలివైనవాళ్ళు వద్దు, చెప్పిన వేళకి చెప్పిన పని చేసేవాళ్ళు కావాలి. ఎవరి పని వాళ్ళకి పంచెయ్యి, ఏరుకోనివ్వకు.

ఇక రెండోది. నీ ఉత్తరంలో మిరప మీద రెండు పేజీలున్నాయి, సీటు మీద మూడు వాక్యాలున్నాయి. కొండమ్మ పిన్ని అలా అంటుందని నేననుకోలేదు. నేను హాల్ టికెట్ మర్చిపోతే మీ ఇంటి నుంచి బస్టాండు దాకా పరుగెత్తుకొచ్చి ఇచ్చింది ఆవిడే కదా. కోతలు ప్రతి ఏడాదీ ఉంటాయి. నువ్వడగలేకపోతే మా అబ్బా అడుగుతాడు. ఈ ఉత్తరంతోపాటే ఆయనకీ ఒకటి రాస్తున్నాను.

నజ్మీన్


అద్దంకి,
ఫిబ్రవరి 19

నజ్మీన్,

మీ అబ్బాకి రాయకు. రాసేస్తే ఇంకొకటి రాసి వద్దని చెప్పు. మా అమ్మ సంగతి నేను చూసుకుంటాను. ఆయన్ని ఇందులోకి లాగకు.

పండుగ మాత్రం ఇప్పుడు చూడాలి నువ్వు. నువ్వు చెప్పిన మనుషులు నా పక్కనే ఉన్నారు, నాకే తట్టలేదు. అమ్మ ముఠాలో పదకొండు మందికి మంచి ఫోన్లున్నాయి. పాటలు వినడానికీ, మనవళ్ళ మొహాలు చూసుకోవడానికీ తప్ప వాడరు. అందర్నీ సంఘంలో చేర్చాను. పని ఎలా పంచాలా అని నేను ఆలోచిస్తుంటే మా పక్కింటి మహిమక్క, 'అందులో ఆలోచించేదేముందే, పొలంలో ఎలా చేస్తామో అలాగే' అంది. నీకు తెలియదుగా, చెబుతాను. చేలోకి దిగగానే మనిషికి రెండేసి సాళ్ళు పట్టుకుంటారు. కాయ బాగున్న సాలు నాకు, లేనిది నీకు అనడానికి లేదు, ఎవరికి ఏది ఎదురైతే అదే. తన సాళ్ళు ముందు అయిపోయినవాళ్ళు గట్టెక్కి కూర్చోరు. అవతలి కొస నుంచి వెనక్కి తిరిగి, వెనకబడ్డ మనిషి సాలుకి ఎదురుగా కోసుకుంటూ వస్తారు. ఇద్దరూ మధ్యలో కలుస్తారు. ఆ తరవాతే అందరూ కలిసి గట్టు మీదికి.

ఫోన్‌లో కూడా అదే పెట్టాం. గేమ్‌లో ఎవరి పొలం వెనకబడితే వాళ్ళకి సాయం చేసే బొమ్మ ఒకటుంది, నాలుగేళ్ళుగా మనమెవరం దాన్ని నొక్కలేదు. వీళ్ళు రోజుకి నాలుగుసార్లు నొక్కుతున్నారు. పదింటికి టీ, పదకొండు ఫోన్లు, ఎర్రచేతులు. ముందు చేతులు కడుక్కుని, చెంగుకి తుడుచుకుని, చిటికెన వేలితో కోస్తారు. మిగతా వేళ్ళకి ఘాటు అంటి ఉంటుంది, ఫోన్ తుడిచి కళ్ళు తుడుచుకుంటే ఇంకేముంది.

నిన్న సాయంత్రం ఆరింటి కోత సరిగ్గా చర్చిలో ప్రార్థన కూడిక వేళకి పడింది. మహిమక్క పాటల పుస్తకం కింద ఫోన్ పెట్టుకుని కోస్తోంది. అందరూ మోకరించినప్పుడు ఒక్క వేలు మాత్రం కదులుతోంది. పాస్టర్ ఇమ్మానుయేలు గారు ప్రార్థన ముగించి, అదే గొంతుతో, 'మహిమమ్మా, ఆ పంటేదో నాకు కూడా చూపించి వెళ్ళు' అన్నారు. చూపించింది. ఆయన పది నిమిషాలు చూసి, చేరాలంటే ఏం చేయాలని అడిగారు. అలా ముప్ఫయ్యో మనిషి దొరికాడు.

నలభై నాలుగు వేలు. అందుతుందో లేదో తెలియదు. నాకు రాత్రి నిద్రలో కూడా వేళ్ళు కదులుతున్నాయట, అమ్మ చెప్పింది.

ఇవాళ మీకు రంజాన్ ఉపవాసాల్లో మొదటి రోజా కదా. హాస్టల్లో తెల్లవారకముందు సహరీకి ఏమైనా పెడుతున్నారా?

స్తుతి


అద్దంకి,
ఫిబ్రవరి 22, ఆదివారం

నజ్మీన్,

హడావిడిగా రాస్తున్నాను. ఇవాళ రెండింతల గంటల్లో గేమ్ ఆగిపోయింది. ఎక్కడో ఏదో చెడిపోయిందట, దేశమంతా ఆగిందట. సాయంత్రం కబురొచ్చింది, పండుగని మార్చి రెండు దాకా పొడిగించారు. అయిదు రోజులు ఎక్కువ. ఇప్పుడు అరవై ఒక్క వేలున్నాయి. అయిదు రోజులు దొరికితే లక్ష అవుతుంది, తప్పకుండా అవుతుంది.

అందుకని, వార్డెన్‌ని అడిగి చూడవూ. మార్చి మూడున వస్తాను. గడువుకి మూడు రోజులే కదా తేడా. ఏదో ఒకటి చెప్పు, ఒంట్లో బాగోలేదనో ఇంకేదో.

ఇక్కడ అంతా మామూలే.

స్తుతి


గుంటూరు,
ఫిబ్రవరి 24

స్తుతి గారికి,

ఇవాళే మీ ఉత్తరం, మా అబ్బా ఉత్తరం కలిసి వచ్చాయి. ముందు మీది చదివాను. అంతా మామూలే అని ఉంది.

తరవాత అబ్బాది చదివాను. శుక్రవారం నమాజు అయ్యాక మీ ఇంటికి వెళ్ళాడట. 'పిల్లను ఎందుకు పంపడం లేదమ్మా, సీటు వచ్చిందిగా' అని అడిగితే, కొండమ్మ పిన్ని, 'ఎక్కడికండీ?' అందట. ఆవిడకి సీటు వచ్చిందనే తెలియదట. పరీక్ష రాశావనే తెలియదట. ఆయన వెంటనే లేచి వచ్చేశాడట. 'మనం ఆవిడని చాలా తప్పుగా అనుకున్నాం బేటీ' అని రాశాడు. మనం కాదు, నేను. ఆ తప్పు నాచేత చేయించింది నువ్వు.

నీ ఉత్తరం చదవకముందే, ఆ రెండో లిస్టు అమ్మాయి ఏదని నిన్న వార్డెన్ అడిగింది. నువ్వు చెప్పమన్న పని నువ్వు చెప్పకముందే చేశాను. నీకు జబ్బని చెప్పాను. రోజా ఉండి, పగటిపూట, ఆవిడ మొహంలోకి చూస్తూ. ఈ నెలలో నోటిని ఎలా ఉంచుకోవాలో నీకు తెలుసు, చిన్నప్పటి నుంచి మా ఇంట్లో తిరిగినదానివి. ఇంకోసారి చెప్పను.

మంచం మీద నుంచి పుస్తకాలు తీసేశాను. వస్తే రా. రాకపోతే రానని ఒక్క ముక్క రాయి, మూడో లిస్టులో ఎవరో ఒకమ్మాయి ఎదురుచూస్తూ ఉంటుంది. నన్ను మాత్రం ఎదురుచూడమనకు. ఇక్కడ నేను తరగతిలో మొదటిదాన్ని అని నువ్వు అనుకుంటున్నావేమో, నలభై రెండో స్థానంలో ఉన్నాను. యాభై మందిలో. నీకు రాయలేదు. నేనూ అన్నీ రాయలేదు.

నజ్మీన్


అద్దంకి,
ఫిబ్రవరి 27

నజ్మీన్,

అవును. అమ్మకి చెప్పలేదు. పరీక్షకి వచ్చిన రోజు గుంటూరులో స్నేహితురాలి పెళ్ళని చెప్పాను.

మీ అబ్బా వెళ్ళాక అమ్మ నన్నేమీ అడగలేదు. ఆరు రోజులు నా పక్క సాలే పట్టుకుంది. తిడుతుందేమోనని నేను వేగంగా కోస్తే, తనూ వేగంగా కోసింది. నిన్న నీ ఉత్తరం వచ్చింది. ఎవరు రాశారంది. నువ్వన్నాను. చదవమంది. తనకి చదువు రాదు, నేను కావాలంటే ఏదైనా కల్పించి చదవచ్చు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఉన్నదున్నట్టు చదివాను. ఎందుకలా చదివానో తెలియదు, చదువుతుంటే తేలిగ్గా అనిపించింది.

అంతా విని, 'నా పేరు చెప్పి ఎన్నాళ్ళు దాక్కుంటావే?' అంది. మళ్ళీ తనే, 'వెళ్ళనంటే వెళ్ళనని చెప్పు. అంతేగానీ నన్ను గోడ చేసి దాని వెనకాల నిలబడకు' అంది. నేను ఏడవలేదు. చేతులు మండుతున్నాయి, మొహం తుడుచుకోవడానికి కూడా లేదు.

ఎందుకు రాలేదో నీకు చెప్పాలి. పండుగ కోసం కాదు, అది నీకూ తెలుసు. టైపు నేను వదిలేశాను. కుట్టు నేను వదిలేశాను. నర్సింగు ఫారం నింపి నేనే చింపేశాను. ఇంతవరకూ అన్నిటినీ నేనే వదిలేశాను గానీ, నన్నెవరూ నీ వల్ల కాదని తీసెయ్యలేదు. అక్కడికొస్తే వారం వారం పరీక్ష పెట్టి గోడకి పేర్లు అంటిస్తారన్నావు. నా పేరు యాభై ఒకటో చోట ఉంటే? అప్పుడు నేనేం చెప్పుకోను? ఇక్కడ ఆటోలో పోతూ, నేను తలుచుకుంటే ఎక్కడికైనా పోగలను అనుకోవడంలో సుఖముంది. గేమ్‌లో నాలుగు గంటలకి పండుతుందంటే నాలుగు గంటలకే పండుతుంది. నాకు అది బాగా అలవాటైపోయింది.

నలభై రెండు అని రాశావు చూడు. అది చదివాక నీ మీద కోపం రాలేదు, జాలి రాలేదు. యాభై మందిలో నలభై రెండోది కూడా పొద్దున లేచి క్లాసుకి పోతోందా అనిపించింది.

దీపాలు ఎనభై మూడు వేలు. ఇంకా మూడు రోజులుంది. ఇద్దరి పొలాలూ వదిలేస్తే అందదేమో.


బస్సులో,
ఫిబ్రవరి 28, పొద్దున

నిన్న పోస్టులో వెయ్యలేదు. అక్షరాలు వంకరగా ఉంటే బస్సుదే తప్పు.

నీ ఫోన్ అమ్మ తీసుకుంది. నా ఫోన్ మహిమక్కకి ఇచ్చాను. అమ్మ ఇంతవరకూ ఆ గేమ్ ముట్టుకోలేదు, పక్క నుంచి చూసి వంకలు పెట్టడమే. పొద్దున ఆరింటికి నీ పొలంలో తనే నాటింది, ఒక్కో మొక్కకీ ఒక్కోసారి నొక్కుతూ. అలా అక్కర్లేదమ్మా, ఒకసారి గీస్తే సాలంతా పడతాయి అన్నాను. 'నీ బస్సు సంగతి నువ్వు చూసుకో' అంది. యలమందయ్య స్టాండు దాకా దించాడు. పద్దెనిమిది మంది కూర్చునే ఆటోలో నేనొక్కదాన్నే కూర్చుంటే గతుకులన్నీ నాకే తగిలాయి.

లైట్‌హౌస్ వస్తుందో రాదో నాకు తెలిసే దారి లేదు. హాస్టల్లో ఫోనుండదు. ఎవరైనా రాస్తే తెలుస్తుంది, రాసేవాళ్ళు ఆ ముఠాలో ఎవరూ లేరు.

మాట మాత్రం ఇవ్వను. పది రోజులకి పారిపోవచ్చు. పారిపోతే నా పేరు మీదే పారిపోతాను.


గుంటూరు, మీ హాస్టల్ కింద,
పదకొండు దాటింది

నజ్జూ,

వార్డెన్ గారి ఎదురుగా కూర్చుని రాస్తున్నాను. నువ్వు క్లాసులో ఉన్నావట, ఈ కాగితాలు ఆయాతో పంపుతానంటే సరేనంది. అరచేతిలో పెట్టుకుని బరువు కూడా చూసింది.

ఇప్పుడే అడిగింది, 'జబ్బు తగ్గిందా అమ్మా' అని. నాకేం జబ్బని చెప్పావో నువ్వు రాయలేదు. రాసినా నేను చెప్పేదాన్ని కాదులే. నాకే జబ్బూ లేదండీ, రావడానికి భయపడ్డాను, మా నజ్మీన్ నాకోసం మీతో అబద్ధం చెప్పింది అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. రిజిస్టరు తెరిచే ఉంది, మూత తీసిన పెన్ను పక్కనే ఉంది. నిన్ను పిలుచుకు రమ్మని ఆయాకి చెప్పింది.

రా. పెట్టె బరువుగా ఉంది. పైకో, గేటు బయటికో, ఒక పక్క నువ్వు పట్టుకోవాలి.

స్తుతి